హార్డ్ డిస్క్‌లోని వీడియోలు ఇంట్లో ఏ టీవీలోనైనా: పాత ల్యాప్‌టాప్‌తో సొంత మీడియా సర్వర్

చాలా ఇళ్లలో ఒక హార్డ్ డిస్క్ ఉంటుంది. అక్క పెళ్లి వీడియో, పిల్లల అన్నప్రాసన, తాతయ్య ఉన్నప్పటి సంక్రాంతి, క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న హరికథలు, ఎప్పుడో కొనుక్కున్న సినిమా డీవీడీలు, అన్నీ అందులోనే ఉంటాయి. చూసేవాళ్లే ఉండరు. చూడాలంటే ముందు డిస్క్ వెతకాలి, తర్వాత దాని కేబుల్ వెతకాలి, గోడకు బిగించిన టీవీ వెనక్కి చెయ్యి పెట్టి యూఎస్‌బీ పోర్ట్ తడుముకోవాలి. ఇంతా చేశాక టీవీ ‘ఈ ఫైల్ ప్లే కాదు’ అంటే మళ్లీ అన్నీ సర్దేయాలి. ఇంత పని రెండోసారి ఎవరూ పెట్టుకోరు.

అదే డిస్క్‌ను ఒక పాత ల్యాప్‌టాప్‌కు తగిలించి ఓ మూల పెట్టేస్తే హాల్లో టీవీలో, పడగ్గది టీవీలో, అందరి ఫోన్లలో అవే వీడియోలు వరసగా, బొమ్మలతో సహా కనబడతాయి. హాల్లో సగం చూసి ఆపేసిన సినిమా పడగ్గదిలో అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక సెలవు రోజు కేటాయిస్తే అయిపోయే పని. కొనాల్సినవి ఒక లాన్ కేబుల్, ఇంకొక హార్డ్ డిస్క్. ఆ రెండో డిస్క్ ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సినవి

అందరూ అడిగే మొదటి ప్రశ్న: దీనికి నెట్ డేటా ఖర్చవుతుందా? కాదు. వీడియో ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి టీవీకి వెళ్తుంది. ఇంటి గడప దాటదు. వీధిలో ఫైబర్ తెగిపోయి నెట్ లేని రోజున కూడా రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు, సినిమా ఆడుతుంది. అందుకే మీ ప్లాన్ 40 ఎంబీపీఎస్‌దా 300దా అన్నదానికి దీంతో సంబంధం లేదు.

ఇంట్లో ఒకటే టీవీ, చూసేది నెలకోసారి అయితే ఇదంతా అక్కర్లేదు. డిస్క్‌ను టీవీ యూఎస్‌బీకే తగిలించండి. అలా పెట్టేటప్పుడు డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకోండి. ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఆ ఇబ్బంది లేదు గానీ కొన్ని పాత టీవీలు వాటిని గుర్తుపట్టవు.

రౌటర్‌కే యూఎస్‌బీ పోర్ట్ ఉంటే డిస్క్‌ను దానికి తగిలించి, సెట్టింగ్స్‌లో ‘మీడియా సర్వర్’ లేదా ‘డీఎల్‌ఎన్‌ఏ’ ఆన్ చేయడం ఇంకో దారి. డీఎల్‌ఎన్‌ఏ అనేది ఇంట్లో పరికరాలు ఒకదానికొకటి వీడియోలు పంపుకోవడానికి 2003లో మొదలైన పాత పద్ధతి. దాన్ని నడిపిన సంస్థ 2017లో మూతపడింది, అయినా చాలా టీవీల్లో ఇంకా పనిచేస్తూనే ఉంది. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఫైల్ ఎలా ఉంటే అలాగే పంపడం తప్ప దానికి వేరే ఏమీ రాదు. టీవీకి ఆ ఫార్మాట్ తెలియకపోతే అక్కడితో సరి. పైగా పాత రౌటర్లు ఫైళ్లను కంప్యూటర్‌తో పంచుకోవడానికి ఎస్‌ఎంబీ1 అనే పద్ధతి వాడతాయి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వన్నాక్రై వైరస్ దూరింది ఆ సందులోంచే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో అది ఉండటం లేదు. మీ కంప్యూటర్‌కు రౌటర్ డిస్క్ కనబడకపోతే కారణం అదే కావచ్చు. కనబడటం కోసం ఎస్‌ఎంబీ1ను మళ్లీ ఆన్ చేయకండి.

నేను చెప్పేది మూడో దారి: ల్యాప్‌టాప్‌లో మీడియా సర్వర్, అంటే వీడియోలను ఇంట్లో టీవీలకు, ఫోన్లకు పంపే ప్రోగ్రామ్, పెట్టడం. ఇందులో ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్ అని మూడు పేరున్న ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంటికి జెల్లీఫినే సరైనదని నా అభిప్రాయం. ఎంబీ తన కోడ్‌ను మూసేశాక 2018 డిసెంబరులో దాని నుంచి విడిపోయి పుట్టింది. పూర్తిగా ఉచితం, కోడ్ బహిరంగం, ఎక్కడో కంపెనీలో ఖాతా తెరవక్కర్లేదు. మన ఇంటి వీడియోలు చూసుకోవడానికి ఇంకొకరి సర్వర్‌లో లాగిన్ కావాల్సిన పని లేకపోవడం నాకు పెద్ద విషయం.

ముందు కాపీ, తర్వాతే మిగతావి

కొన్నేళ్లుగా బీరువాలో ఉన్న డిస్క్‌ను ఉన్నట్టుండి రోజూ తిరిగే పనిలో పెడుతున్నాం. అది తట్టుకుంటుందో లేదో ముందు చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి తెరవండి. డిస్క్ ఆరోగ్యం నీలం రంగులో ‘గుడ్’ అని ఉంటే ఫర్వాలేదు. పసుపు రంగులో ‘కాషన్’ అని ఉండి, కింద ‘రీఅలొకేటెడ్ సెక్టర్స్’ గానీ ‘కరెంట్ పెండింగ్ సెక్టర్’ గానీ సున్నా కాకుండా ఉంటే ఆ డిస్క్‌ను నమ్మకండి. అందులోది వెంటనే వేరే డిస్క్‌లోకి తీసుకోండి.

గుడ్ అని ఉన్నా సరే, కాపీ తీయండి. రెండో డిస్క్ అందుకే. సినిమాలు పోతే మళ్లీ దొరుకుతాయి, తాతయ్య గొంతు దొరకదు. ఖర్చు తగ్గించుకోవాలంటే సినిమాలు వదిలేసి ఇంటి వీడియోలు, ఫోటోలు, పాటలు మాత్రం కాపీ చేసుకోండి. ఆ కాపీ డిస్క్‌ను సర్వర్ పక్కన పెట్టకండి. అన్నయ్య ఇంట్లోనో అత్తగారింట్లోనో ఉంచండి. ఏడాదికోసారి పండక్కి వెళ్లినప్పుడు తెచ్చి కొత్తవి ఎక్కించి మళ్లీ అక్కడే వదిలేయండి.

ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేయడం

ఏ ల్యాప్‌టాప్ అయినా పనికొస్తుందా అంటే, ఫైల్‌ను ఉన్నదున్నట్టు పంపడానికి పదేళ్ల నాటిది కూడా చాలు. స్క్రీన్ పగిలినా కీబోర్డ్ పోయినా ఫర్వాలేదు. బ్యాటరీ కాస్త బతికి ఉంటే మరీ మంచిది. కరెంటు పోయినప్పుడు డిస్క్ ఒక్కసారిగా ఆగిపోకుండా అదే యూపీఎస్‌లా కాపాడుతుంది. ఉబ్బిపోయిన బ్యాటరీ అయితే మాత్రం తీసేయండి, అది ప్రమాదం.

కరెంటు బిల్లు గురించి భయం వద్దు. సగటున 15 వాట్లు తీసుకునే ల్యాప్‌టాప్ రోజంతా, నెలంతా ఆన్‌లో ఉంటే 10.8 యూనిట్లు అవుతుంది.

విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ అనుకుని చెప్తున్నాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరులో ఆగిపోయింది కాబట్టి, మీకు లినక్స్ అలవాటుంటే పాత ల్యాప్‌టాప్‌కు అదే మేలు. లేకపోతే దాన్ని ఈ పనికే కేటాయించి, అందులో బ్యాంకు పనులు, ఈమెయిల్ లాంటివి పెట్టకండి.

మొదట నిద్రపోకుండా చూడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ‘పవర్ ఆప్షన్స్’ తెరిచి, చార్జర్ మీద ఉన్నప్పుడు స్లీప్ ‘నెవర్’ చేయండి. ఎడమవైపున మూత మూస్తే ఏం చేయాలనే వరస ఉంటుంది, అక్కడ ‘డూ నథింగ్’ ఎంచుకోండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ ఉంటుంది, దాన్ని ‘డిజేబుల్’ చేయండి. లేకపోతే సినిమా మధ్యలో కాసేపు ఆపి భోజనం చేసి వచ్చేసరికి డిస్క్ నిద్రలోకి జారుకుని ఉండొచ్చు.

తర్వాత డ్రైవ్ లెటర్. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాలుగు రోజుల తర్వాత ‘వీడియోలన్నీ మాయమైపోయాయి’ అని టెన్షన్ పడతారు. డిస్క్ తీసి మళ్లీ పెట్టినప్పుడు విండోస్ దానికి ఈ అనో ఎఫ్ అనో వేరే అక్షరం ఇవ్వొచ్చు. సర్వర్ మాత్రం పాత అక్షరం దగ్గరే వెతుకుతూ ఉంటుంది. అందుకని స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. మీ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ మార్చే వరస ఎంచుకుని ‘ఎం’ అక్షరం ఇవ్వండి. మామూలుగా మధ్యలో ఉన్న అక్షరాల జోలికి పెన్‌డ్రైవ్‌లు రావు. ఇక అది స్థిరంగా ఉంటుంది.

మూడోది ల్యాప్‌టాప్ చిరునామా. రౌటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది, అది అప్పుడప్పుడు మారుతుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో ‘స్టాటిక్ లీజ్’ అనో ఉంటుంది. అక్కడ ల్యాప్‌టాప్‌కు 192.168.1.50 లాంటిది ఖాయం చేయండి. మీ రౌటర్ అడ్రస్ 192.168.0.1 అయితే చుక్కల మధ్య మూడో సంఖ్య సున్నానే ఉండాలి. విండోస్‌లో నెట్‌వర్క్ ‘ప్రైవేట్’ అని ఉందో లేదో కూడా చూడండి. ‘పబ్లిక్’ అని ఉంటే ఫైర్‌వాల్ టీవీని లోపలికి రానివ్వదు.

ఫోల్డర్లు

ఎం డ్రైవ్‌లో మూడు పెద్ద ఫోల్డర్లు చాలు: సినిమాలు, ఇంటి వీడియోలు, పాటలు.

సినిమాలకు ఒక నియమం ఉంది. ఒక్కో సినిమాకు ఒక్కో ఫోల్డర్, పేరు పక్కన బ్రాకెట్లలో విడుదలైన ఏడాది. ఫైల్‌కూ అదే పేరు. ఏడాది ఎందుకంటే, దేవదాసు అని 1953లో ఒక సినిమా ఉంది, 2006లో ఇంకోటి ఉంది. ఏడాది లేకపోతే సర్వర్ దేని పోస్టర్ తెచ్చి దేనికి అంటిస్తుందో చెప్పలేం. సినిమా పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే వివరాలు త్వరగా దొరుకుతాయి.

ఇంటి వీడియోలకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. ముందు తేదీ, తర్వాత సందర్భం: 2003-02-14 అక్క పెళ్లి, 2011-01-15 సంక్రాంతి. ఏడాది, నెల, రోజు ఈ వరసలోనే రాయండి. అప్పుడు అన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. తేదీ గుర్తులేకపోతే ఏడాది చాలు. వీడియోలో ఎవరెవరు ఉన్నారో పేర్లు కూడా కలపండి. పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే కూర్చోబెట్టి అడిగి ఈ పని చేయండి. ఆ ముహూర్తంలో పక్కన నిలబడిన పెద్దాయన ఎవరో చెప్పగలిగింది వాళ్లే.

జెల్లీఫిన్ పెట్టడం

జెల్లీఫిన్ డాట్ ఆర్గ్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ తెచ్చుకోండి. మధ్యలో ‘బేసిక్ ఇన్‌స్టాల్’ కావాలా ‘సర్వీస్’గా కావాలా అని అడుగుతుంది. బేసిక్ ఎంచుకోండి. అయితే ఇది విండోస్‌లో లాగిన్ అయ్యాకే మొదలవుతుందని గుర్తుంచుకోండి. కరెంటు చాలాసేపు పోయి ల్యాప్‌టాప్ ఆరిపోతే మళ్లీ ఆన్ చేసి లాగిన్ కావాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి 127.0.0.1:8096 కొట్టండి. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రం ఇవ్వండి. భాష అడుగుతుంది, తర్వాత యూజర్ పేరు, పాస్‌వర్డ్. ఇది యజమాని ఖాతా కాబట్టి గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ఆ తర్వాత లైబ్రరీలు కలపాలి. సినిమాల ఫోల్డర్‌కు ‘మూవీస్’, పాటలకు ‘మ్యూజిక్’, ఇంటి వీడియోలకు ‘హోమ్ వీడియోస్ అండ్ ఫోటోస్’ అని రకం ఎంచుకోండి. ఇంటి వీడియోలను పొరపాటున ‘మూవీస్’ కింద పెడితే అన్నప్రాసన వీడియోకు ఏదో విదేశీ సినిమా పోస్టర్ వచ్చి కూర్చుంటుంది.

లైబ్రరీ కలిపేటప్పుడు కింద చాలా టిక్ బాక్సులు ఉంటాయి. వాటిలో ‘ట్రిక్‌ప్లే’, చాప్టర్ బొమ్మలు తీయడం అనేవి ఖాళీగా వదిలేయండి. అవి ప్రతి వీడియోనూ మొదటి నుంచి చివరిదాకా చదివి బొమ్మలు తీస్తాయి. పాత ల్యాప్‌టాప్ రోజుల తరబడి ఆ పనిలోనే మునిగిపోతుంది. బయటి నుంచి కనెక్ట్ కావడానికి సంబంధించిన ఆప్షన్లు అడిగితే వద్దనండి. రౌటర్‌లో పోర్ట్ తెరిచేవి అసలే వద్దు.

ఇక డ్యాష్‌బోర్డ్‌లో, అంటే యజమాని ఖాతాకు కనబడే జెల్లీఫిన్ సెట్టింగ్స్‌లో, ఇంట్లోవాళ్లకు విడివిడిగా యూజర్లు చేయండి. ఎవరు ఎంతవరకు చూశారో ఎవరిది వాళ్లకే ఉంటుంది. పిల్లల ఖాతాకు ఏ లైబ్రరీలు కనబడాలో మీరే టిక్ పెట్టొచ్చు. ఫైళ్లు డిలీట్ చేసే అనుమతి ఎవరికీ లేకుండా చూడండి.

టీవీలో

ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ, ఫైర్ టీవీ స్టిక్‌ల యాప్ స్టోర్లలో జెల్లీఫిన్ యాప్ దొరుకుతుంది. ఎల్‌జీ టీవీలకూ ఉంది. మీ టీవీ స్టోర్‌లో లేకపోతే జెల్లీఫిన్ ప్లగిన్ల జాబితాలో డీఎల్‌ఎన్‌ఏ పెట్టుకుని టీవీ సొంత మీడియా ప్లేయర్‌తో చూడొచ్చు, లేదంటే ఒక స్టిక్ కొనుక్కోవచ్చు. స్టిక్ కొనడమే సుఖం.

యాప్ తెరవగానే సర్వర్ దానంతటదే కనబడాలి. కనబడకపోతే 192.168.1.50:8096 అని కొట్టండి. రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టడం కష్టం కాబట్టి ‘క్విక్ కనెక్ట్’ నొక్కండి. టీవీ మీద ఆరంకెల కోడ్ వస్తుంది. ఫోన్‌లో జెల్లీఫిన్ తెరిచి మీ పేరు కింద ఉండే ‘క్విక్ కనెక్ట్’లో ఆ అంకెలు కొడితే టీవీ లోపలికి వెళ్లిపోతుంది.

సర్వర్ ఎంతకీ కనబడకపోతే మన ఇళ్లలో ఎక్కువగా ఉండే కారణం రెండు రౌటర్లు. నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె ఒకటి, సిగ్నల్ సరిపోవడం లేదని మనం కొన్న రౌటర్ ఇంకోటి. ల్యాప్‌టాప్ ఒకదానికి, టీవీ ఇంకోదానికి ఉంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. రెండింటి ఐపీ అడ్రసుల్లో చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలు (192.168.1 లాంటివి) ఒకటేనా కాదా చూడండి. తేడా ఉంటే మనం కొన్న రౌటర్‌ను సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’కు మార్చండి. టీవీని గెస్ట్ వైఫైకి కలిపినా ఇలాగే అవుతుంది.

ఆగి ఆగి వస్తుంటే: అసలు సంగతి ఇక్కడే ఉంది

వీడియో తిరిగి తిరిగి ఆగుతుంటే అందరూ వైఫైని తిడతారు. ముందు చూడాల్సింది అది కాదు. టీవీలో వీడియో ఆడుతుండగా ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్ తెరవండి. ఎవరు ఏం చూస్తున్నారో అక్కడ కనబడుతుంది. ‘డైరెక్ట్ ప్లే’ అని ఉంటే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తోంది, ల్యాప్‌టాప్‌కు దాదాపు పనే లేదు. ‘ట్రాన్స్‌కోడింగ్’ అని ఉంటే టీవీకి ఆ ఫైల్ అర్థం కాక, ల్యాప్‌టాప్ దాన్ని అప్పటికప్పుడు విప్పి, టీవీకి తెలిసిన రూపంలోకి మార్చి పంపుతోంది. ఫ్యాన్ గోల మొదలవడానికి, బొమ్మ ఆగడానికి కారణం ఇదే. పక్కనున్న సమాచారం గుర్తు నొక్కితే కారణం కూడా రాసి ఉంటుంది.

ఆ కారణం శబ్దం అయితే బెంగ లేదు. డీటీఎస్ శబ్దం చాలా టీవీలకు రాదు. దాన్ని మార్చడం తేలిక పని, పాత ల్యాప్‌టాప్ కూడా చేసేస్తుంది. కారణం బొమ్మ అయితేనే బరువు. చాలా ఫోన్లు ఇప్పుడు వీడియోలను హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో తీస్తాయి. ఐఫోన్లు 2017 నుంచి అందులోనే తీస్తున్నాయి. 2015కు ముందు కొన్న టీవీల్లో చాలావాటికి అది తెలియదు. ఇంటెల్ ఆరో తరం, అంటే 2015లో వచ్చిన ప్రాసెసర్ల నుంచి హెచ్‌ఈవీసీని విప్పే సర్క్యూట్ చిప్‌లోనే ఉంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ అయితే ఏడో తరం కావాలి. మీ ల్యాప్‌టాప్ అంతకన్నా కొత్తదైతే డ్యాష్‌బోర్డ్‌లో ‘ట్రాన్స్‌కోడింగ్’ పేజీకి వెళ్లి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ దగ్గర ‘ఇంటెల్ క్విక్‌సింక్’ ఎంచుకోండి. తేడా వెంటనే తెలుస్తుంది.

పాతదైతే ఒక్కటే మందు. అలాంటి ఫైళ్లను తీరిక వేళ ఒకసారి మార్చి పెట్టుకోవడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ‘ఫాస్ట్ 1080పీ30’ ప్రీసెట్ ఎంచుకుంటే హెచ్.264 బొమ్మ, ఏఏసీ శబ్దంతో ఎంపీ4 ఫైల్ తయారవుతుంది. ఇంట్లో ఉన్న ఏ టీవీ అయినా, ఏ ఫోన్ అయినా దాన్ని ఆడిస్తుంది. రాత్రి వరసలో పెట్టి పడుకుంటే పొద్దునకు అయిపోతాయి. అసలు ఫైళ్లను మాత్రం చెరపకండి. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది, రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే మళ్లీ అసలు నుంచే మొదలుపెట్టాలి. అసళ్లను వేరే ఫోల్డర్‌లోకి మార్చి, దాన్ని జెల్లీఫిన్‌కు చూపించకుండా ఉంచండి.

పెళ్లి డీవీడీ

దీని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో అసలు సొత్తు ఇదే. స్టూడియోవాళ్లు ఇచ్చిన డీవీడీని కంప్యూటర్‌లో తెరిస్తే ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డర్, అందులో ఒక్కోటి 1 జీబీ మించని వీఓబీ ముక్కలు ఉంటాయి. వాటిని అలాగే కాపీ చేస్తే టీవీలో జీలకర్ర బెల్లం ఒక ముక్కలో, మంగళసూత్రధారణ ఇంకో ముక్కలో వస్తాయి. మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్‌ను చదివిస్తే ఆ ముక్కలన్నీ కలిపి ఒకే ఎంకేవీ ఫైల్ చేసి ఇస్తుంది. నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, ఎందుకంటే అది దేన్నీ మార్చదు, పెట్టె మారుస్తుందంతే. ఈ ఫైల్‌ను అసలు ప్రతిగా దాచుకోండి. రాసే డీవీడీలు కాలంతో పాడవుతాయి కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ఇప్పుడు చూడటానికి ఒక ప్రతి. పాత వీడియో కెమెరాలు సెకనుకు 25 పూర్తి బొమ్మలు తీయవు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, అలా సెకనుకు 50 సగం బొమ్మలు తీస్తాయి. పాత గాజు టీవీల్లో అది చక్కగానే ఉండేది. ఇప్పటి టీవీల్లో కదలిక ఉన్నచోట ఆ సగాలు ఒకదానితో ఒకటి కలవవు. తలంబ్రాలు పోసేటప్పుడు వీడియో ఆపి చూడండి, ఎత్తిన చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనబడతాయి. దీన్ని సరిచేయకుండా మారిస్తే ఆ గీతలు బొమ్మలో శాశ్వతంగా నిలిచిపోతాయి.

హ్యాండ్‌బ్రేక్‌లో ‘ఫాస్ట్ 576పీ25’ ప్రీసెట్ తీసుకోండి. ‘ఫిల్టర్స్’ పేజీలో డీఇంటర్లేస్ దగ్గర ‘బీడబ్ల్యూడీఐఎఫ్’ ఎంచుకుని, దాని ప్రీసెట్ ‘బాబ్’ చేయండి. ‘వీడియో’ పేజీలో ఫ్రేమ్ రేట్ 50 చేయండి. ఇలా చేస్తే రెండు సగాల్లో ప్రతి ఒక్కటీ ఒక పూర్తి బొమ్మ అవుతుంది. కదలిక ఆనాడు కెమెరాలో ఉన్నంత నున్నగా వస్తుంది. ఆ కింద నాణ్యత కడ్డీ, ఆర్‌ఎఫ్ అనేది, 18 దగ్గర పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. బొమ్మ సైజును 1080కి పెంచకండి. అసలులో లేని వివరం పెంచితే రాదు, పెద్దది చేసే పని టీవీయే చూసుకుంటుంది. మొత్తం పెళ్లి మార్చేముందు తలంబ్రాల దగ్గర ఒక నిమిషం మాత్రం మార్చి టీవీలో చూసుకోండి.

మినీ డీవీ క్యాసెట్ల నుంచి తీసుకున్న ఫైళ్లు ఉంటే అవి గంటకు సుమారు 13 జీబీ ఉంటాయి. చాలా టీవీలు వాటిని ఆడించవు. వాటికీ ఇదే పద్ధతి.

నెట్‌వర్క్

డైరెక్ట్ ప్లే అని ఉండి కూడా ఆగుతుంటే, అప్పుడు వైఫైని అనుమానించండి. ఫైల్‌కు ఎంత వేగం కావాలో లెక్క తేలిక. రెండున్నర గంటల సినిమా 9 జీబీ ఉందంటే 72,000 మెగాబిట్లు, 9,000 సెకన్లు. సెకనుకు 8 మెగాబిట్లు చాలు. డీవీడీకి గరిష్ఠంగా 10 చిల్లర. ఫుల్ హెచ్‌డీ బ్లూరే బొమ్మకు 40 దాకా. 4కే బ్లూరే అయితే 128 దాకా వెళ్తుంది.

ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలపండి. ఇది సలహా కాదు, తప్పనిసరి అనుకోండి. రెండూ వైఫై మీదే ఉంటే అదే వీడియో గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి, ఉన్న వేగం సగమైపోతుంది. కేబుల్ క్యాట్5ఈ గానీ క్యాట్6 గానీ తీసుకోండి. కలిపాక విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 అని ఉండాలి. 100 అని ఉంటే ల్యాప్‌టాప్ పోర్ట్ పాతది కావచ్చు, కేబుల్‌లో ఒక తీగ తెగి ఉండొచ్చు, రౌటర్ పోర్ట్ అంతే కావచ్చు. 4కే బ్లూరేలు లేకపోతే 100 కూడా సరిపోతుంది.

టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. 2.4 దూరం వెళ్తుంది గానీ అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అందులోనే అరుస్తుంటాయి. 5 గిగాహెర్ట్జ్ మన ఇటుక, కాంక్రీటు గోడలు ఒకటి రెండు దాటితే నీరసపడుతుంది. అలాంటి గదికి కేబుల్ లాగించడమే శాశ్వత పరిష్కారం. ఇల్లు కట్టుకుంటున్నా, రంగులు వేయిస్తున్నా ప్రతి టీవీ పాయింట్‌కూ ఒక క్యాట్6 వేయించేయండి. ఒక చిన్న తిరకాసు ఉంది: చాలా టీవీల లాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే. 4కే బ్లూరే ఫైళ్లకు ఆ పోర్ట్ కన్నా దగ్గర్లో ఉన్న 5 గిగాహెర్ట్జ్ వైఫైయే మెరుగ్గా ఉంటుంది.

సబ్‌టైటిల్స్, పాటలు

సబ్‌టైటిల్ ఫైల్‌కు సినిమా పేరే పెట్టి, చివర చుక్క, తెలుగు భాషా సంకేతం టీఈ, చుక్క, ఎస్‌ఆర్‌టీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. అక్షరాలు పిచ్చి గుర్తుల్లా వస్తే ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8’ చేయండి. డీవీడీ, బ్లూరేల సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని ఆన్ చేస్తే ఒక్కోసారి సర్వర్ వాటిని వీడియో మీద అచ్చు వేసి పంపాల్సి వస్తుంది, అంటే మళ్లీ ట్రాన్స్‌కోడింగ్. ఏ కారణమూ లేకుండా బొమ్మ ఆగుతుంటే సబ్‌టైటిల్స్ ఆపి చూడండి.

పాటల ఫైళ్లను సర్వర్ ఫోల్డర్ పేరు కన్నా లోపల రాసి ఉన్న ట్యాగ్‌లను బట్టే సర్దుతుంది. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌తో ఆల్బమ్, గాయకుల పేర్లు ఒకే తీరుగా రాసుకోండి. ఫోన్‌లో వినడానికి ఫినాంప్ యాప్ బాగుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు చూడాలంటే

ఇది ఇంటి నెట్‌వర్క్ దాటిన సంగతి, కానీ అందరూ అడుగుతారు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. ఇంటి తలుపు లోకమంతటికీ తెరిచినట్టే. అదీ గాక మన దగ్గర చాలా నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎంతోమందికి కలిపి ఇస్తాయి. రౌటర్‌లో వాన్ అడ్రస్, అంటే నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీదీ అలాంటిదే, ఫార్వర్డింగ్ పెట్టినా పనిచేయదు.

టెయిల్‌స్కేల్ వాడండి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, అక్కడ చెల్లి ఫోన్‌లోనో ఆండ్రాయిడ్ టీవీలోనో ఒకటి పెడితే రెండింటి మధ్య తాళం వేసిన సొంత దారి ఏర్పడుతుంది. సొంత వాడకానికి ఉచితం. టెయిల్‌స్కేల్ మీ ల్యాప్‌టాప్‌కు 100తో మొదలయ్యే ఒక అడ్రస్ ఇస్తుంది. ఆ అడ్రస్‌ను జెల్లీఫిన్ బయటిదిగానే చూస్తుంది కాబట్టి, మొదట్లో వద్దన్న బయటి కనెక్షన్ల ఆప్షన్‌ను ఇప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో ఆన్ చేయండి (రౌటర్‌లో పోర్ట్ మాత్రం తెరవకండి). తర్వాత చెల్లి జెల్లీఫిన్ యాప్‌లో ఆ అడ్రస్, పక్కన :8096 కొడితే చాలు. ఇక్కడ మీ నెట్ అప్‌లోడ్ వేగం లెక్కలోకి వస్తుంది. ఆమె యూజర్ ఖాతాలో బిట్‌రేట్ (సెకనుకు వెళ్లే డేటా) పరిమితి 4 ఎంబీపీఎస్ పెడితే డీవీడీ నాటి వీడియోలు బాగానే వెళ్తాయి. పరిమితి మించిన వీడియోలను సర్వర్ మార్చి పంపాల్సి వస్తుంది కాబట్టి, ల్యాప్‌టాప్ పాతదైతే హ్యాండ్‌బ్రేక్‌లో చేసిన చిన్న ప్రతులనే ఆమెకు చూపించే లైబ్రరీలో పెట్టండి.

నడుస్తున్నాక

ఎండాకాలం డిస్క్‌ను టీవీ క్యాబినెట్ లోపల మూసి పెట్టకండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో వేడి 50 డిగ్రీలు దాటుతుంటే గాలి తగిలే చోటికి మార్చండి. తీసేటప్పుడు ‘సేఫ్లీ రిమూవ్’ చేయకుండా లాగకండి. నెలకోసారి డిస్క్ ఆరోగ్యం చూసుకోండి.

జెల్లీఫిన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు వెంటనే పెట్టేయకండి. ముందు సర్వర్ ఆపి, సీ డ్రైవ్‌లో దాగి ఉండే ‘ప్రోగ్రామ్‌డేటా’ ఫోల్డర్‌లోని ‘జెల్లీఫిన్’ ఫోల్డర్ మొత్తం వేరేచోట కాపీ చేసుకోండి. మీ యూజర్లు, ఎవరు ఎక్కడిదాకా చూశారన్న లెక్క, మీరు చేత్తో రాసుకున్న పేర్లు, అన్నీ అందులోనే ఉంటాయి. అప్‌డేట్ అయ్యాక డేటాబేస్ రూపం మారితే పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడం ఆ కాపీతోనే సాధ్యం.